గంజి తాగే దూలం

గోగులపర్రు పరిశోధనాలయంలో తెల్లారగానే గంజి ముందు దూలానికి, ఆ తరువాతే మనుషులకు టీ. ఈ పద్ధతి పెట్టింది హైమవతి. చూడవచ్చినవాళ్ళెవరైనా నవ్వితే, "నవ్వుకోండి, దానికి చెవుల్లేవు" అనేది గానీ, గంజి మాత్రం ఏనాడూ ఆలస్యం కానిచ్చేది కాదు.

దూలమంటే అందరికీ తెలిసిన దూలమే, రెండు గోడల మీద అడ్డంగా పడుకుని నెత్తిన బరువు మోసేది. కాకపోతే ఇది టేకుదీ కాదు, ఇనుముదీ కాదు. ఎముకది. ఎముక కణాలను గంజిలోనూ సున్నపు తేటలోనూ పెంచి, పొడుగాటి తిత్తిలో పోసి, కంట్లో వత్తులు వేసుకుని కాపాడితే నలుపలకల మొద్దులా తయారైంది. పరిశోధనాలయం పెరట్లో, కాలువ గట్టున, నడుములోతు పల్లానికి అడ్డంగా, రెండు సిమెంటు దిమ్మల మీద ఉండేది. అరిచెయ్యి ఆనిస్తే కాస్త వెచ్చగా తగిలేది. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరొకటి ఉంది. హైమవతితో కలిసి పనిచేసే శాస్త్రవేత్త ఏసుపాదం మాత్రం మొదటి రోజునే 'బుల్లోడు' అన్నాడు. అదే ఖాయమైంది.

బుల్లోడి గొప్పేమిటో హైమవతి ఒక ఆదివారం భోజనాల దగ్గర అత్తగారికి చెప్పింది. అత్తగారి పేరు మంగతాయారు. వేసవిలో నీళ్ళగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. నడవమని డాక్టరన్నాడు. నడవనని ఆవిడంది. మళ్ళీ పడతానేమోనని భయం. భయాన్ని భయమని ఒప్పుకునే మనిషి కాదు కాబట్టి, "కూర్చుని తినే యోగం ఇన్నాళ్ళకి పట్టింది, మీకెందుకర్రా కడుపుమంట" అంటూ చక్రాల కుర్చీలో తిష్ఠ వేసి, అక్కణ్ణుంచే పరిశోధనాలయం క్వార్టర్స్‌లోని ఆడవాళ్ళందరినీ ఏలేది.

హైమవతి ఒక ప్లాస్టిక్ స్కేలు తెచ్చి రెండు గ్లాసుల మీద అడ్డంగా పడుకోబెట్టింది. వేలితో నొక్కితే వంగింది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కింది. వంగలేదు.

"అదే స్కేలు, అదే వేలు. నిలబెట్టేసరికి ఎందుకు వంగలేదంటారు?"

"నువ్వే చెప్పు, చదువుకున్నదానివి."

"వంగేటప్పుడు పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది అత్తయ్యగారూ. కష్టమంతా ఆ రెండంచులదే. మధ్యలో ఉన్నదానికి పెద్ద పనుండదు. మధ్య సరుకు తీసి పైకీ కిందకీ దూరంగా పెట్టామనుకోండి, అంతే సరుకుతో ఎన్నో రెట్లు గట్టిదనం వస్తుంది. మా బుల్లోడు ఆ పని తనంతట తానే చేసుకుంటాడు. కష్టం తగిలిన చోట ఎముక పోసుకుంటాడు, తగలని చోట తినేసుకుంటాడు."

"మధ్యలో ఉన్నది సోమరిపోతన్నమాట, మీ మావగారిలాగ," అంది మంగతాయారు. పక్కనే పప్పన్నం కలుపుకుంటున్న మావగారు తలెత్తలేదు.

బుల్లోడికి చదువు చెప్పే పంతులు ఒక రాయి. పొద్దున్నే గొలుసుతో నడిమధ్యన వేలాడదీసేవారు, సాయంత్రం దించేవారు. నెలకోసారి గర్భిణులకు చేసినట్టే జిగురు పూసి స్కానింగ్ తీసేవారు. నెలనెలా బొమ్మ మారుతూ వచ్చింది. నిండుగా ఉన్న మొద్దు నడుము సన్నబడింది, పైనా కిందా మందపాటి పలకలు కట్టాయి. పుస్తకాల్లో ఇనుప దూలానికి ఏ ఆకారం గొప్పదని రాస్తారో, అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు ఐ అక్షరంలా కనిపించే ఆ ఆకారం, ఏ పుస్తకమూ చదవని బుల్లోడికి వచ్చేసింది. ఆ బొమ్మ చూసిన రోజు హైమవతి ఏడ్చేసింది. ఏసుపాదం బజారుకెళ్ళి పూతరేకులు తెచ్చాడు.

కాలువకు అవతల కొత్తలంక. అక్కడివాళ్ళు బడికి రావాలన్నా, ఆసుపత్రికి రావాలన్నా ఒక తాటిపట్టె మీద నడిచి రావాలి. వానాకాలంలో దాని మీద కాలు నిలవదు. బుల్లోడు పరీక్ష నెగ్గితే ఆ కాలువ మీద పడుకుంటాడు. పరీక్ష పెట్టేది కాలువల శాఖ ఇంజనీరు సోమలింగం. దూలం మీద ఇసుక బస్తాలు పేరుస్తారు, దూలం కింద ఒక ముల్లు బిగిస్తారు, వంపు పెరిగి ముల్లు ఎర్రగీత దాటితే ఇక అంతే. బుల్లోణ్ణి ముక్కలు చేసి, ఒక ముక్కను గాజు బీరువాలో పెట్టి, మిగతాది గోతిలో పూడుస్తారు. ఆ గోతి మాట తలుచుకుంటే హైమవతికి అన్నం సయించేది కాదు.

ఇంకొక్క సంగతి హైమవతికీ ఏసుపాదానికీ మాత్రమే తెలుసు. బుల్లోడికి ఒక తమ్ముడుండేవాడు, మూరెడు పొడుగు. వేసవిలో వాణ్ణి గోదాములో పెట్టి, రోజూ గంజి పోశారు గానీ బరువు వేలాడదీయడం మరిచిపోయారు. తరువాత చేతిలోకి తీసుకుంటే అప్పడంలా పొడైపోయాడు. కష్టం తగలక, తనను తాను మొత్తం తినేశాడు.

"ఇంజనీరు గారడిగితే చెబుదామండి మేడమ్ గారూ. అడక్కపోతే మనకెందుకండి, ఆయ్," అన్నాడు ఏసుపాదం. హైమవతి అప్పటికి ఊ అంది.

ఆశ్వయుజంలో ఆవిడ బుల్లోడి బొమ్మలన్నీ పట్టుకుని ఒక సదస్సుకు హైదరాబాద్ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కొంప మునిగింది.

జరిగిందిది. అట్లతద్ది వచ్చింది. ప్రతి ఏడూ క్వార్టర్స్ ఆడవాళ్ళు నిద్రగన్నేరు కొమ్మకు ఉయ్యాల వేసుకునేవారు. ఆ చెట్టు మొన్నటి గాలివానకు పడిపోయింది. తెల్లవారుజామున గోంగూర పచ్చడితో, గడ్డపెరుగుతో చద్దన్నాలు తినేసి, చేతులనిండా గోరింటాకుతో అందరూ మంగతాయారు కుర్చీ చుట్టూ చేరి, ఉయ్యాల లేని అట్లతద్ది ఏం అట్లతద్ది పిన్నిగారూ అని వాపోయారు. ఆవిడ కుర్చీ తోయించుకుంటూ పెరట్లోకి వెళ్ళి ఏసుపాదాన్ని పిలిచింది.

"ఏం నాయనా, ఆ బుల్లోడు రోజూ రాయి మోస్తన్నాడు గదా. ఇయ్యాల మమ్మల్ని మొయ్యకూడదా?"

ఏసుపాదం ఆలోచించాడు. రాయీ బరువే, మనుషులూ బరువే. రాయి కిందికి లాగుతుంది, మనుషులూ కిందికే లాగుతారు. పండగపూట రాయిని ఎత్తిదించే బాధ తప్పుతుంది. పైగా ఇంట్లో వాళ్ళావిడ మేరీ సుగుణ కూడా పొద్దుటి నుంచీ ఉయ్యాల ఉయ్యాల అంటోంది. సరే కట్టుకోండన్నాడు. రెండు మోకులు, ఒక పీట. మొదట ఎక్కింది మంగతాయారే. నలుగురు కలిసి కుర్చీలోంచి ఎత్తి పీట మీద కూర్చోబెట్టారు. ఊగడానికి నడవక్కర్లేదు కదా మరి. పండగ ఒక్కరోజుదే, ఉయ్యాల మాత్రం మర్నాడూ విప్పలేదు, ఆ మర్నాడూ విప్పలేదు. హైమవతి వచ్చేదాకా, అంటే రెండు వారాలు, పొద్దూ మాపూ ఊగుతూనే ఉన్నారు.

ఊరి నుంచి వచ్చీ రాగానే హైమవతి స్కానింగ్ తీసింది. బొమ్మ చూసి ఏసుపాదం వైపు చూసింది. మళ్ళీ బొమ్మ చూసింది.

"నడుమేమిటి ఇలా బలిసింది? పైపలక, కిందిపలక ఏవండీ? ఏం చేశారు నా బుల్లోణ్ణి?"

ఏసుపాదం నేల చూపులు చూస్తూ అంతా చెప్పాడు. హైమవతి నెత్తి కొట్టుకుంది. ఉయ్యాల దూలానికి అడ్డంగా అటూ ఇటూ పోతుంది. పోయిన ప్రతిసారీ దూలాన్ని ఆ పక్కకీ ఈ పక్కకీ గుంజుతుంది. బుల్లోడు పాపం బుద్ధిగా పైనా కిందా ఉన్న ఎముకంతా తీసుకొచ్చి రెండు పక్కలా పోసుకున్నాడు. నిలబెట్టిన స్కేలు కాస్తా పడుకున్న స్కేలైంది. లెక్క వేస్తే, సోమలింగం గారి బస్తాలు సగం పెట్టేసరికే ముల్లు ఎర్రగీత దాటుతుంది. పరీక్షకు నెల కూడా లేదు.

"ఏడాదండీ ఏసుపాదం గారూ. ఏడాది పట్టి రాయి నేర్పిన చదువు. దాన్ని రెండు వారాల్లో ఆ ఉయ్యాల..."

అక్కడ ఆగిపోయింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఏసుపాదం భయపడి కుర్చీ తెచ్చాడు.

"ఏడాది చదువు రెండు వారాల్లో ఎలా పోయిందండీ?" అంది మెల్లగా. "రాయి కదలకుండా వేలాడుతుంది. ఉయ్యాల వస్తుంది, పోతుంది. వీడు ఎముక కదండీ. ఎముకకు ఊరికే నిలబడితే బలం రాదు, అడుగులేస్తే వస్తుంది. ఆ సంగతి మా అత్తయ్యగారికి డాక్టరు చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నాను. విని ఇంటికొచ్చి, వీడికి రాయి కట్టాను."

అని గట్టున చతికిలబడి పడీ పడీ నవ్వింది. ఏసుపాదానికి ఏం నవ్వో తెలియకపోయినా, తిట్లు ఆగినందుకు తనూ నవ్వాడు.

ఆ సాయంత్రమే అత్తగారి కుర్చీ ముందు పీట వేసుకు కూర్చుంది. "అత్తయ్యగారూ, మీ ఆడవాళ్ళందర్నీ పంపాలి. బుల్లోడి మీద గంతులెయ్యాలి. పైనుంచి కిందకి, బాగా గట్టిగా."

మంగతాయారుకు కోడలి అవసరం అర్థమైంది. అర్థమయ్యాక ఊరికే ఒప్పుకునే ఘటం కాదు. "పగలు నీ గంతులు, సాయంత్రం మా ఉయ్యాల. అయితేనే."

"ఉయ్యాల వల్లే గదండీ ఇంత చేటు."

"అయితే నీ గంతులు నువ్వే ఏసుకో."

హైమవతి ఒప్పుకోక తప్పలేదు. మర్నాటి నుంచి పెరడు తీర్థంలా మారిపోయింది. బుల్లోడి మీద వెడల్పాటి చెక్కలు పరిచి, సుద్దతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడారు. కోలాటం వేశారు. చెమ్మచెక్క ఆడారు. పెళ్ళయి మనవలున్నవాళ్ళు కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని ఒంటికాలి మీద గెంతారు. సంగతి తెలిసి కొత్తలంక ఆడవాళ్ళు తాటిపట్టె దాటి మరీ వచ్చి చేరారు. మంగతాయారు కుర్చీలో కూర్చుని, "ఏం గెంతు అది, కొంగ నడక. కాస్త గట్టిగా" అని అదమాయించేది. సాయంత్రమైతే ఉయ్యాల. గంజి రెండు పూటలా పోసినా బుల్లోడికి సరిపోలేదు, మూడో పూట కూడా పెట్టాల్సి వచ్చింది. హైమవతి పగలంతా సంతోషంగా ఉండేది, ఉయ్యాల వేళకు మాత్రం ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకునేది.

పరీక్షకు ముందురోజు చివరి స్కానింగ్ తీసింది. ఐ రాలేదు. పెట్టె ఆకారమూ కాదు. చుట్టూ మందంగా, మూలలు గుండ్రంగా, లోపల బోలుగా ఉంది. ఆ బొమ్మ ఎక్కడో చూసినట్టనిపించి చాలాసేపు చూస్తే గుర్తొచ్చింది. ఇంట్లో బీరువా మీద అత్తగారి ఎక్స్‌రేల పక్కనున్న డాక్టరు గారి పటంలో, అడ్డంగా కోసి చూపించిన తొడ ఎముక అచ్చం ఇలాగే ఉంటుంది.

"రాయికి సరిపోయే ఆకారం ఐ అండీ," అంది ఏసుపాదంతో. "రాయి ఒక్కవైపే లాగుతుంది. మనుషులలా ఉండరు. పక్కకి తూలతారు, ఊగుతారు, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు. వీడు మనుషులకు సరిపోయేలా తయారయ్యాడు."

"ముల్లు గీత దాటదంటారా?"

"లెక్క ప్రకారం దాటదు. కానీ దగ్గరదాకా పోతుంది."

సోమలింగం మంచివాడే, నవ్వడం మాత్రం తెలియదు. కూలీలు బస్తాలు ఒక్కొక్కటే పేరుస్తుంటే ముల్లు పక్కన గొంతుక్కూర్చున్నాడు. క్వార్టర్సూ కొత్తలంకా రెండూ పెరట్లోనే ఉన్నాయి. ముల్లు జరిగింది. ఇంకాస్త జరిగింది. చివరి బస్తా కూలీ చేతిలోంచి జారి బుల్లోడి పక్కకు గట్టిగా తగిలింది. ముల్లు వణికింది. పాత బుల్లోడైతే ఆ పక్కదెబ్బకు మెలిపడిపోయేవాడని హైమవతికి ఒక్కదానికే తెలుసు. వణుకు ఆగింది. ముల్లు ఎర్రగీతకు వెంట్రుకవాసి ఇవతల నిలబడిపోయింది.

పెరడంతా ఈలలు. మేరీ సుగుణ ఏసుపాదాన్ని అందరి ముందూ కావలించుకుంది. బస్తాలు దించాక సోమలింగం కాగితాలు బల్ల మీద పరిచి కలం తీశాడు. తమ్ముడి సంగతి ఆయన అడగలేదు. ఏసుపాదం హైమవతి వైపు తిరిగి కళ్ళతోనే వద్దన్నాడు.

ఆవిడ బుల్లోడి వైపు చూసింది. రేపు వాడి మీద పిల్లలు నడుస్తారు. ఊరుకుంటే వాడు బతుకుతాడు. కానీ ఏ వేసవిలోనో బడి మూసేసినప్పుడు నడిచేవాళ్ళు లేక, ఎవరికీ తెలియకుండా లోపల్లోపలే సన్నబడితే? బడి తెరిచిన రోజున పిల్లలంతా ఒక్కసారి ఎక్కితే?

"ఒక్క నిమిషమండీ. సంతకానికి ముందు ఇది చూడాలి."

లోపలికెళ్ళి ఒక పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. పళ్ళెంలో తెల్లటి పొడి. తమ్ముడు. మొత్తం చెప్పేసింది.

సోమలింగం పొడిని వేలితో తాకి చూశాడు. "అంటే మనుషులు తొక్కకపోతే వంతెన చచ్చిపోతుందా అమ్మా?"

"సన్నబడుతుందండి. మళ్ళీ తొక్కితే పుంజుకుంటుంది. పూర్తిగా వదిలేస్తే మాత్రం, ఆ మాట నిజమే."

"ఇనుముకు ఈ బాధ లేదు కదా. తుపానొచ్చి నాలుగు రోజులు ఎవరూ గడప దాటలేదనుకోండి. పూచీ ఎవరిది?" అని కలానికి మూత పెట్టేశాడు. ఆ మూత చప్పుడుకు హైమవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొయ్యి కళ్ళ ముందు కనబడింది.

"నాయనా," అంది వెనకనుంచి మంగతాయారు. "నా తుంటికీ అదే జబ్బు. నడవకపోతే ఎముక గుల్లయిపోద్దని డాక్టరు వేసవి నుంచీ మొత్తుకుంటన్నాడు. అలాగని నన్ను కాలవలో పారేత్తారా?"

"అయ్యో, అవేం మాటలండీ."

"మరి వాణ్ణెందుకు పారేత్తానంటన్నావు? పూచీ అడిగావు. నేనుంటా పూచీ. రోజూ నేను నడుత్తా వాడి మీద."

సోమలింగం మర్యాదగానే అన్నాడు, "మీరు నడవలేరు కదండీ."

ఆ మాట ఆవిడ మొహం మీద ఇంతవరకూ ఎవరూ అనలేదు. మావగారు మొట్టమొదటిసారి తలెత్తి చూశాడు.

"హైమా," అంది మంగతాయారు. "మంచం కింద ఆ వాకరుంటది. పట్రా."

దుమ్ము పట్టిన వాకరు వచ్చింది. ఆవిడ లేచింది. చెక్కల వాలు మీదుగా బుల్లోడి మీదికి ఒక అడుగు, తరువాత చాలాసేపు ఆగి ఇంకో అడుగు. హైమవతి పరిగెత్తుకెళ్ళి రెక్క పట్టుకోబోయింది.

"పట్టుకోకే. బరువు సగం నీ మీద పడిపోతే వాడికేం మిగులుద్ది?"

చెయ్యి వెనక్కి తీసుకుని పక్కనే నేల మీద నడిచింది హైమవతి. దూలం కింద ముల్లు ఇంకా విప్పలేదు. ఆవిడ వేసిన ప్రతి అడుగుకూ అది సన్నగా కదిలి వెనక్కి వస్తోంది. సోమలింగం వంగి ఆ ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ అటు చివరికి చేరి, వాకరు మీద చేతులానించి, "ఏం నాయనా, చాలా, ఇంకా నడవనా?" అంది రొప్పుతూ.

ఆయన కలం మూత తీశాడు.

సంతకం కింద ఒక షరతు రాశాడు. వంతెన రెండు చివరలా బోర్డు ఉండాలని. సంక్రాంతి దాటాక బుల్లోడు కాలువ మీద పడుకున్నాడు, బోర్డులు కూడా వెలిశాయి. 'ఈ వంతెనపై మెల్లగా నడవరాదు' అని. అలాంటి బోర్డు ఆ జిల్లాలో ఇంకెక్కడా లేదు. పిల్లలు బడికి గెంతుకుంటూ వెళ్తారు, గెంతుకుంటూ వస్తారు, ఎవరూ కోప్పడరు. వేసవి సెలవుల్లో వంతు వేసుకుని కోలాటం. ముసురు పట్టి ఎవరూ బయటికి రాని రోజున హైమవతీ ఏసుపాదమూ గొడుగులు పట్టుకెళ్ళి తొక్కుడుబిళ్ళ ఆడి వస్తారు. ఎంత పని మిగిలి ఉన్నా తప్పదు, ఇక జీవితాంతం తప్పదు. కిందటేడు హైమవతికి పెద్ద ఊళ్ళో పెద్ద ఉద్యోగం వస్తే, బుల్లోణ్ణి ఎవరు చూస్తారని వదులుకుంది. అందుకు ఒకపూట బాధపడింది, తరువాత గంజి వేళైందని లేచింది.

మంగతాయారు ఇప్పుడు చేతికర్రతో సాయంత్రం ఒకసారి అటు వెళ్ళి ఇటు వస్తుంది. ఒకరోజు సోమలింగం తనిఖీకి వచ్చాడు. కొత్త బూట్లేసుకుని, పెద్ద ఆఫీసరులా హుందాగా, చప్పుడు కాకుండా వంతెన దాటుతున్నాడు. ఆవిడ ఎదురొచ్చి కర్ర అడ్డం పెట్టింది.

"కాస్త గట్టిగా అడుగెయ్యి నాయనా. పిల్లోడు పొద్దుటి నుంచీ ఆకలి మీదున్నాడు."

సోమలింగం అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని అనుకున్నాడు, కానీ గంజి బకెట్టుతో హైమవతి గట్టు మీదే ఉంది. ఆయన ప్యాంటు కాస్త పైకి లాక్కుని ఒక్క గెంతు గెంతాడు. బాగుందనుకున్నాడేమో, ఇంకొకటి గెంతాడు.